పార్కిన్సన్స్ ఉన్నవారితో గ్రూపు వ్యాయామం: గంట క్లాసు మొదటి నిమిషం నుంచి చివరి దాకా

"మా కాలనీలో నలుగురికి పార్కిన్సన్స్ ఉందండీ. అందరినీ కూర్చోబెట్టి ఏదైనా వ్యాయామం చేయిద్దామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఈ మాట నన్ను అడిగేవాళ్లలో కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు ఉంటారు. యోగా టీచర్లు ఉంటారు. కొత్తగా చదువు ముగించిన ఫిజియోథెరపిస్టులూ ఉంటారు. నేనూ ఫిజియోథెరపిస్టునే. ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో వారానికి మూడు రోజులు ఇలాంటి క్లాసు నడుపుతాను. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

పార్కిన్సన్స్ అంటే కదలికలు నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుని, వణుకు వచ్చే మెదడు జబ్బు. ఈ క్లాసు సొంతంగా గానీ, కర్ర సాయంతో గానీ నిలబడి నడవగలిగినవాళ్ల కోసం. పూర్తిగా కుర్చీకే పరిమితమైనవాళ్లకి 5వ భాగంలోని కూర్చుని చేసే అంశాలు సరిపోతాయి.

## 1. చేర్చుకునే ముందు పావుగంట మాట్లాడండి

మొదటి రోజే అందరినీ పిలిచి చేతులు ఊపించడం మొదలుపెట్టకండి. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఒక కార్డు రాసుకోండి. వాళ్లని చూసే న్యూరాలజిస్టు దగ్గర వ్యాయామం చేయవచ్చని రాయించుకు రమ్మనండి. గుండె జబ్బు ఉంటే ఆ డాక్టరు మాట కూడా కావాలి.

కార్డు మీద ఉండాల్సినవి:

- మాత్రలు ఏ ఏ టైముకి వేసుకుంటారు (పేర్లతో సహా)
- గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారు, ఎక్కడ, ఏం చేస్తూ పడ్డారు
- నడుస్తుంటే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయా
- మోకాలి ఆపరేషన్, నడుము నొప్పి, ఎముకల బలహీనత, షుగర్
- మెదడులో డీబీఎస్ పరికరం (మెదడుకి కరెంటు సంకేతాలు పంపే తీగలు, ఛాతీ దగ్గర దాని బ్యాటరీ) పెట్టించుకున్నారా
- వెంట వచ్చేది ఎవరు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి

"ఎక్కడ పడ్డారు" అన్న ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. బాత్రూం మలుపులో పడిన మనిషికి నేర్పాల్సింది వేరు, మంచం మీంచి లేస్తూ పడిన మనిషికి నేర్పాల్సింది వేరు.

తర్వాత బీపీ. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. పార్కిన్సన్స్ వల్లా, దాని మందుల వల్లా నిలబడగానే బీపీ పడిపోవడం మామూలే. "లేవగానే కళ్లు బైర్లు కమ్మాయి" అని వాళ్లు చెప్పేది చాలాసార్లు ఇదే.

డీబీఎస్ ఉన్నవాళ్లు మెడని విసురుగా తిప్పకూడదు, ఛాతీ దగ్గర దెబ్బ తగలకూడదు. వాళ్లు ఏవేవి చేయకూడదో సర్జన్‌ని అడిగి రాయించుకోండి.

గ్రూపులో ఎనిమిది మంది చాలు. ముగ్గురు నలుగురికి ఒక హెల్పర్ ఉండాలి. ఈమధ్యే పడినవాళ్లకి మాత్రం ఒక మనిషి పక్కనే ఉండాలి, అందులో బేరాల్లేవు.

## 2. గడియారం చూసి క్లాసు పెట్టండి, ఎండ చూసి కాదు

నేను చేసిన మొదటి తప్పు ఇదే. వ్యాయామం అంటే పొద్దున్నే కదా అని ఆరున్నరకి పెట్టాను. ఆరుగురు వచ్చారు. ముగ్గురు కుర్చీలోంచి లేవలేకపోయారు. ఒక పెద్దాయన మలుపు దగ్గర తూలితే గోడ అడ్డుపడింది కాబట్టి సరిపోయింది. వాళ్లకి చేతకాక కాదు. రాత్రి వేసుకున్న మాత్ర బలం తెల్లారేసరికి దిగిపోయింది, పొద్దుటి మాత్ర ఇంకా ఎక్కలేదు. అంతే.

పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. లెవోడోపా ఉన్న మాత్ర (మన దగ్గర చాలామంది సిండోపా అంటారు) ఆ లోటుని కొన్ని గంటల పాటు పూడుస్తుంది. మందు పనిచేసే టైముని "ఆన్" అంటారు, దిగిపోయిన టైముని "ఆఫ్" అంటారు. మీ రోగులకి ఈ రెండు మాటలూ మీకంటే బాగా తెలుసు. వాళ్లనే అడగండి.

మాత్ర ఎక్కడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి:

- ఎక్కువమంది మాత్ర వేసుకున్న ముప్పావుగంట, గంట తర్వాత క్లాసు పెట్టండి. మా గ్రూపుకి పదిన్నర కుదిరింది.
- ఒకరిద్దరి టైము కలవకపోతే, వాళ్లు "ఆఫ్"లో ఉన్న రోజు కూర్చునే అంశాలు మాత్రమే చేయించండి.
- క్లాసు కోసం మాత్ర టైము మార్చమని మీరు చెప్పకండి. అది డాక్టరు పని.
- క్లాసు మధ్యలో మాత్ర టైము వస్తే అలారం పెట్టి, ఆపి, వేయించండి.

తిండి సంగతి. మాంసకృత్తులు పేగులో లెవోడోపాకి పోటీ వస్తాయి. పెసరట్టుతోనో గ్లాసు పాలతోనో మాత్ర మింగితే కొందరికి మందు సరిగ్గా ఎక్కదు. సాధారణంగా తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంటకి వేసుకోమంటారు. కడుపులో తిప్పుతుందనేవాళ్లకి డాక్టరు వేరేగా చెప్పి ఉంటారు, వాళ్ల జోలికి వెళ్లకండి.

ఇంకో జాగ్రత్త. ఈ జబ్బుకి వాడే కొన్ని మందులతో ఉన్నట్టుండి కునుకు పట్టేస్తుంది. క్లాసుకి స్కూటర్ మీద సొంతంగా రావొద్దని మొదటి రోజే చెప్పండి.

## 3. హాలు, కుర్చీలు, చెప్పులు

ఒక గంట ముందు వెళ్లి హాలంతా ఒకసారి నడవండి. మీ కాలికి తగలని వస్తువు కూడా వాళ్ల కాలికి తగులుతుంది, ఎందుకంటే వాళ్ల పాదం నేల మీంచి అంత లేవదు.

- కార్పెట్లు, డోర్‌మ్యాట్లు, వైర్లు తీసేయాలి. తడిగుడ్డ పెట్టిన నేల పూర్తిగా ఆరాలి.
- కుర్చీలకి చేతులుండాలి, జారకూడదు. సన్న కాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు వద్దు. వేరే గతి లేకపోతే గోడకి ఆనించి వేయండి.
- మనిషికీ మనిషికీ మధ్య రెండు చేతులు చాపినంత జాగా ఉండాలి.
- గుమ్మం దగ్గర బెంచీలు, చెప్పుల గుట్ట ఉండకూడదు. ఇరుకు చోటే కాళ్లు ఆగిపోయే చోటు.
- ఫ్యాన్లు వేయండి. ఎండాకాలం వీళ్లు తొందరగా వడలిపోతారు.
- మంచినీళ్లు, బీపీ మెషిన్, ఎవరికి వాళ్లకి ఒక తుండు.

హవాయి చెప్పులతో ఎవరినీ నిలబెట్టకండి. మడమ పట్టీ ఉన్న చెప్పులో, తేలికపాటి బూట్లో వేసుకోవాలి. అడుగు మరీ పట్టేసే రబ్బరు సోల్ కూడా మంచిది కాదు. కాలు ఈడ్చి నడిచేవాళ్లకి అది నేలకి అంటుకుని ముందుకి పడేస్తుంది. మేజోళ్లతో నున్నటి టైల్స్ మీద నడవడం అసలే వద్దు.

చీర కుచ్చిళ్లు, పంచె అంచు నేలని రాసుకోకుండా చూసుకోమనండి. సల్వారు, పైజామా సులువు.

## 4. ఎంత, ఎంత గట్టిగా?

అమెరికాలోని పార్కిన్సన్స్ ఫౌండేషన్, అక్కడి స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణుల సంఘం కలిసి 2021లో ఇచ్చిన సూచన వారానికి మొత్తం 150 నిమిషాలు. అందులో గుండె వేగం పెంచే వ్యాయామం మూడు రోజులు, కండబలం పెంచేది రెండు మూడు రోజులు, బ్యాలెన్సు కోసం రెండు మూడు రోజులు, వీటితో పాటు ఒళ్లు సాగదీయడం. మనం వారానికి మూడు గంటల క్లాసు పెడితే ఈ నాలుగూ అందులోనే ఇమిడిపోతాయి. బలం వ్యాయామాలు వరసగా రెండు రోజులు రాకుండా చూసుకోండి చాలు.

ఎంత గట్టిగా అన్నదే మనవాళ్లు తప్పే చోటు. పెద్దవాళ్లు కదా అని కూర్చోబెట్టి మెడ అటూ ఇటూ తిప్పించి పంపేస్తే పెద్దగా లాభం లేదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 128 మందిని ఆరు నెలలు గమనించారు. వాళ్లంతా జబ్బు తొలి దశలో, ఇంకా మందు మొదలుపెట్టనివాళ్లు. ట్రెడ్‌మిల్ మీద గట్టిగా నడిచినవాళ్లకి లక్షణాలు దాదాపు ఉన్నచోటే నిలిచాయి, తమ మామూలు దినచర్యలోనే ఉన్న రోగులకి పెరిగాయి. దాన్ని పట్టుకుని మన హాల్లో 75 ఏళ్లాయన్ని పరిగెత్తించమని కాదు. చెమట పట్టడానికి భయపడొద్దని.

నాడి లెక్క మీద ఆధారపడకండి. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, ఈ జబ్బు కూడా దాన్ని తారుమారు చేస్తుంది. నేను వాడే కొలత మాట. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. తీరిగ్గా పాడుకుంటున్నారంటే ఇంకొంచెం పెంచొచ్చు. రెండు మాటలకే ఆయాసం వస్తోందంటే తగ్గించాలి.

## 5. గంట క్లాసు: ఏది ముందు, ఏది వెనక

క్రమం మార్చకండి. ప్రతిరోజూ ఒకే వరస ఉంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

### 5.1 హాజరు (5 నిమిషాలు)

హాజరు మీరు పిలవకండి. ఒక్కొక్కరూ తమ పేరు, ఊరు హాలు చివరిదాకా వినపడేలా చెప్పాలి. ఈ జబ్బులో గొంతు సన్నగిల్లిపోతుంది, తమకి మాత్రం మామూలుగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో "ఏంటీ? ఏంటీ?" అని అడిగించుకుని అడిగించుకుని మాట్లాడటమే మానేస్తారు. "గట్టిగా" అని ఒక్క మాట చెప్పండి చాలు. వంద వివరణలు వద్దు.

ఇదే టైములో మాత్ర వేసుకున్నారా, ఈ వారం పడ్డారా అని అడిగేయండి.

### 5.2 కూర్చుని ఒళ్లు వేడెక్కించడం (10 నిమిషాలు)

ఈ క్లాసంతటికీ ఒకటే సూత్రం. ప్రతి కదలికా పెద్దగా ఉండాలి. వాళ్ల మెదడు కదలికని చిన్నది చేసి పంపుతుంది. వాళ్లకి "మరీ అతిగా చేస్తున్నానేమో" అనిపించేంత పెద్దగా చేస్తేనే చూసేవాళ్లకి మామూలుగా కనిపిస్తుంది.

- వెన్ను కుర్చీకి ఆనకుండా, నడుము నిటారుగా కూర్చోవాలి.
- రెండు చేతులూ పక్కలకి చాచి, వేళ్లు నక్షత్రంలా విప్పాలి, ఐదు లెక్కించాలి, మూయాలి. 10 సార్లు.
- కుడిచేత్తో ఎడమ పక్క పై అల్మరాలోంచి డబ్బా తీస్తున్నట్టు సాగాలి. ఇటు 8, అటు 8.
- చేతులు ఛాతీ మీద కట్టుకుని, వెనకాల ఎవరో పిలిచినట్టు నడుము నుంచి తిరగాలి. మెడ ఒక్కటే తిప్పితే లెక్కకాదు.
- మడమలు నేలకి కొట్టాలి, తర్వాత వేళ్లు. చప్పుడు వినపడాలి.
- మోకాళ్లు ఎత్తి కూర్చునే మార్చింగ్, రెండు నిమిషాలు.

### 5.3 కుర్చీలోంచి లేవడం, కాళ్ల బలం (10 నిమిషాలు)

దీనికి ఎంత టైమిచ్చినా తక్కువే. ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా బాత్రూంకి వెళ్లగలగడం దీని మీదే ఆధారపడి ఉంది.

లేవడానికి నాలుగు మెట్లు. నాలుగూ పైకి చెబుతూ చేయించండి:

1. ముందుకి – కుర్చీ అంచుకి జరగాలి.
2. వెనక్కి – పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి, ఎడంగా పెట్టాలి.
3. వంగు – ముక్కు కాలి బొటనవేళ్ల పైకి వచ్చేంత ముందుకి వంగాలి.
4. లే – ఎదురు గోడ చూస్తూ ఒక్క ఊపులో లేవాలి.

ఎక్కువమంది మూడో మెట్టు వదిలేస్తారు. వెనక్కి వాలి లేవబోయి మళ్లీ కుర్చీలో పడతారు. అప్పుడు ఇంట్లోవాళ్లు చంకల్లో చేతులు పెట్టి లాగుతారు. లాగొద్దు. ఎదురుగా ఒక స్టూలు పెట్టి, దాని మీద చేతులు ఆనించి వంగమనండి. తేడా ఆ నిమిషంలోనే కనిపిస్తుంది.

లేచాక మూడు లెక్కించేదాకా అడుగు వేయకూడదు. బీపీ కుదురుకోవాలి.

కూర్చోవడం కూడా నేర్పాలి. కుర్చీ కనపడగానే మూడడుగుల దూరం నుంచే నడుము వంచేస్తారు. "రెండు మోకాళ్ల వెనకా కుర్చీ తగిలిందా? చేతులతో కుర్చీని పట్టుకున్నారా? ఇప్పుడు మెల్లిగా" అని ప్రతిసారీ అడగండి.

ఐదుసార్లు లేచి కూర్చోవడం ఒక విడత. రెండు విడతలు చేయించండి. మధ్యలో అరలీటరు నీళ్ల సీసా చెరో చేత్తో పట్టుకుని భుజాల పైకి ఎత్తించండి. తర్వాత కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం, కాలు పక్కకి చాపడం.

### 5.4 తాళానికి నడక (15 నిమిషాలు)

ఈ జబ్బులో దెబ్బతినేది ఆలోచించకుండా దానంతట అదే సాగిపోయే నడక. బయట నుంచి ఒక తాళం వినిపిస్తే, నేల మీద ఒక గీత కనిపిస్తే మెదడు వేరే దారి పట్టి నడిపిస్తుంది. అడుగు సాగని మనిషి మెట్లు మాత్రం చకచకా ఎక్కడం చూసి ఇంట్లోవాళ్లు "నాటకాలు" అనుకుంటారు. నాటకం కాదు. ప్రతి మెట్టూ కంటికి ఒక గీత, అంతే.

తాళం ఎలా? ముందు ఒక్కొక్కరూ మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టండి. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ (టిక్ టిక్ మని తాళం కొట్టేది) ఆ వేగానికే పెట్టండి. రెండు వారాలు పోయాక కొంచెం పెంచొచ్చు. అడుగులు చిన్నవై ముందుకి పరిగెత్తేవాళ్లకి, కాళ్లు అతుక్కుపోయేవాళ్లకి మాత్రం పెంచకండి. వాళ్లకి నిదానమైన తాళం, పెద్ద అడుగు కావాలి.

యాప్ లేకపోయినా ఫరవాలేదు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని మాత్రం లెక్కపెట్టకండి. ఒకటికి మూడక్షరాలు, రెండుకి రెండు. తాళం జారిపోతుంది. నేను చప్పట్లు కొడుతూ "త-క-ధి-మి" అంటాను. అక్షరానికో అడుగు. సంగీతం రానివాళ్లకి కూడా ఇది వెంటనే పట్టుబడింది.

గీతలకి రంగు టేపు వాడండి. నేల రంగులో కలిసిపోకూడదు. రైలు పట్టాల మధ్య చెక్కల్లాగా అడ్డంగా, మనిషి ఎత్తుని బట్టి 40 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో అతికించండి. "గీత దాటండి, మడమ ముందు" ఇవి రెండే మాటలు.

మలుపు. ఒక కాలి మీద గిరుక్కున తిరగడం నిషేధం. ఆర్టీసీ బస్సు డిపోలో మలుపు తీసుకున్నట్టు, వెడల్పుగా, అడుగులు వేస్తూ తిరగాలి. కాళ్ల మధ్య ఎడం తగ్గకూడదు. వంటింట్లో, బాత్రూంలో అంత చోటు ఉండదు. అక్కడికి గడియారం పద్ధతి: నిలబడిన చోటే 12 మీంచి 3కి ఒక అడుగు, రెండో కాలు దగ్గరికి. మళ్లీ 3 నుంచి 6కి.

వెనక్కి నడవడం కుర్చీ వరస పట్టుకుని, పక్కన మనిషి ఉండగానే.

### 5.5 రెండు పనులు ఒకేసారి (10 నిమిషాలు)

నడుస్తూ మాట్లాడటం, చేతిలో గ్లాసుతో నడవడం వీళ్లకి కష్టం. ముందు నడక కుదిరాకే రెండో పని కలపండి. పడిన చరిత్ర ఉన్నవాళ్లకి ఇవి కూర్చునే.

- మార్చింగ్ చేస్తూ పదమూడో ఎక్కం. తప్పు పోతే నవ్వుకోవచ్చు, కాళ్లు మాత్రం ఆగకూడదు.
- కాజీపేట నుంచి విజయవాడ దాకా రైలు స్టేషన్లు వరసగా చెప్పడం. మా గ్రూపులో ఒక రిటైర్డు రైల్వే ఉద్యోగి ఉన్నారు. ఈ ఆట వచ్చినప్పుడు ఆయన గొంతు హాలు దాటి లిఫ్టు దాకా వినిపిస్తుంది.
- ఎదురెదురుగా నిలబడి మెత్తటి బంతి విసురుకుంటూ కూరగాయల పేర్లు.

వారంలో ఒక రోజు దీని బదులు కోలాటం పెట్టండి. విదేశాల్లో పార్కిన్సన్స్ వాళ్లకి బాక్సింగ్ నేర్పుతున్నారు, టాంగో నాట్యం నేర్పుతున్నారు. రెండూ మంచివే. కానీ కోలాటంలో తాళం ఉంది, చేయి ఛాతీ దాటి అవతలి వైపుకి వెళ్లడం ఉంది, ఎదుటి మనిషిని చూడటం ఉంది. మనవాళ్లకి చెప్పాల్సిన పనే లేదు. కర్రల బదులు దినపత్రిక గట్టిగా చుట్టి టేపు వేయండి. మొదటి రెండు వారాలు కూర్చుని, తర్వాత కుర్చీ ముందు నిలబడి, ఆ తర్వాతే జంటగా. నాలుగు దెబ్బల వరస ఒకటి చాలు. గిరగిరా తిరగడాలు వద్దు.

తెలంగాణ వైపు ఆడవాళ్లుంటే బతుకమ్మ అడుగు వేయించండి. పక్కకి అడుగు, చప్పట్లు, మళ్లీ అడుగు. బయటి వైపు చుట్టూ కుర్చీలు, లోపల ఒక హెల్పర్. చప్పట్లు నడుము ఎత్తులోనే కొట్టించండి. మరీ కిందికి వంగి లేస్తే బీపీ పడిపోయేవాళ్లకి తల తిరుగుతుంది.

బ్యాలెన్సుకి తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) కూడా బాగా పనికొస్తుంది. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, వారానికి రెండు గంటల చొప్పున ఆరు నెలలు చేసినవాళ్లు, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకంటే తక్కువసార్లు పడ్డారు. నేర్పేవాళ్లు దొరికితే వదలకండి.

### 5.6 చల్లబరచడం (10 నిమిషాలు)

కూర్చోండి. ఒక కాలు చాపి, మడమ నేల మీద పెట్టి, పిక్క సాగేలా ముందుకి వంగడం. తర్వాత గోడకి వీపు, మడమలు, వీలైతే తల వెనక భాగం ఆనించి ఒక నిమిషం నిలబడటం. గూని ఎంత పెరుగుతోందో ఈ గోడ చెప్పేస్తుంది. తలకీ గోడకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో నెలకోసారి కార్డులో రాయండి.

చివర్లో రూళ్ల కాగితం మీద పేరు, ఆ రోజు తేదీ, రెండు గీతలూ తాకేంత పెద్ద అక్షరాలతో రాయించండి. నీళ్లు తాగించండి. బీపీ సమస్య ఉన్నవాళ్లకి ఇంకోసారి చూసి పంపండి.

## 6. కాళ్లు అతుక్కుపోతే

మా హాలు గుమ్మం దగ్గర దాదాపు ప్రతి వారం జరిగేది చెబుతాను. ఒక మాస్టారు గారు లోపలికి వస్తూ గడప దగ్గర ఆగిపోతారు. మడమలు లేచి, మోకాళ్లు వణుకుతుంటాయి, ఒళ్లు ముందుకి వాలిపోతుంది. వెనక నలుగురు ఆగి ఉంటారు. భార్య "ఏవండీ, రండి, అందరూ చూస్తున్నారు" అని చెయ్యి పట్టి లాగుతారు. ఆయన కాళ్లు ఇంకా బిగుసుకుంటాయి. లాగినకొద్దీ ఒళ్లు ముందుకి వస్తుంది, పాదాలు రావు. పడేది అప్పుడే.

ఆవిడకి నేర్పింది ఇదే:

1. ఆగండి. లాగడం, తొందరపెట్టడం మానేయండి. వెనకవాళ్లని కూడా ఆగమనండి.
2. నిటారు. "తల ఎత్తండి, ఊపిరి పీల్చండి" అనాలి.
3. ఊగండి. బరువు కుడికాలికి, ఎడమకాలికి, మళ్లీ కుడికాలికి. ఇదొక్కటే చాలాసార్లు కాలిని విడిపిస్తుంది.
4. దాటండి. మీ పాదం ఆయన ముందు అడ్డంగా పెట్టి "నా కాలు దాటండి" అనండి. దాటగానే మీ కాలు తీసేయండి.

ఇప్పుడు ఆవిడ చెయ్యి లాగరు. చెప్పు విప్పి పాదం అడ్డం పెడతారు. ఆయన దాటేస్తారు.

పక్కన నడిచేటప్పుడు హెల్పర్ బలహీనమైన వైపు, అరడుగు వెనక ఉండాలి. చెయ్యి పట్టుకోవద్దు, నడుముకి కట్టిన వెడల్పు బెల్టు మీద చెయ్యి ఉంచాలి.

## 7. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణ

ముఖం చూసి మనిషిని అంచనా వేయడం. ముఖ కండరాలు కూడా బిగుసుకుంటాయి. నవ్వు కనిపించదు. కొత్త టీచర్లు "ఆయనకి ఇష్టం లేనట్టుంది" అని వదిలేస్తారు. ముఖం చూడకండి, నోటితో అడగండి.

ఒకేసారి ఐదు సూచనలు. "చెయ్యి ఎత్తి, కాలు చాపి, ఊపిరి పీల్చి, ఎదురుగా చూస్తూ..." అన్నారంటే అక్కడే ఆగిపోతారు. ఒక కదలికకి ఒక మాట. ముందు చేసి చూపించండి, తర్వాత చెప్పండి.

వణుకుని ఆపాలని చూడటం. హుషారుగా ఉన్నప్పుడు, కంగారుగా ఉన్నప్పుడు వణుకు పెరుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా కొనసాగించండి. ఒళ్లు మెలికలు తిరిగినట్టు ఊగడం వేరు, చాలాసార్లు అది మందు ప్రభావం. బ్యాలెన్సు తప్పేంత ఉంటే కూర్చోబెట్టి, డాక్టరుకి చెప్పమనండి.

అందరూ బాగా చేసేవాళ్లని చూసి పోటీపడటం. జబ్బు ఒకటే అయినా ఇద్దరికి ఒకేలా ఉండదు. వరసలో బలంగా ఉన్నవాళ్లని మధ్య మధ్యలో కూర్చోబెట్టండి, ఒక వైపు గుంపుగా పెట్టకండి.

నేల మీద చాప వేసి ఆసనాలు. కిందికి దిగితే లేవలేరు. పడుకుని చేసేవి ఇంట్లో గట్టి మంచం మీద చేసుకోమనండి.

కళ్లు మూయించడం. ప్రాణాయామం కూడా కూర్చుని, కళ్లు తెరిచే. నిలబడి కళ్లు మూస్తే తూలుతారు.

## 8. వెంటనే ఆపేయాల్సినవి

- ఛాతీలో నొప్పి, బిగుతు, ఎడమ చేతికి లాగడం
- కూర్చున్నా తగ్గని కళ్లు తిరగడం
- మాట తడబడటం, మూతి ఒక వైపుకి పోవడం
- అలవాటు లేని గందరగోళం
- కీలులో ఒక్కసారిగా పొడిచినట్టు నొప్పి

మొదటి నాలుగింటికి 108కి ఫోన్ చేయండి. కార్డులో ఉన్న నంబరుకి ఆ తర్వాత.

ఎవరైనా పడితే చేతులు పట్టి పైకి లాగకండి. ముందు కదపకుండా నొప్పి ఎక్కడో అడగండి. తలకి దెబ్బ తగిలినా, తుంటి దగ్గర నొప్పి ఉన్నా ఆంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉంచండి. దెబ్బ లేకపోతే పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ల మీదికి వచ్చి, ఎదురుగా పెట్టిన కుర్చీ పట్టుకుని, ఒక పాదం ముందుకి పెట్టి వాళ్లే లేవాలి. మీరు బెల్టు పట్టుకుంటే చాలు.

## 9. క్లాసు లేని రోజులు, పుస్తకంలో లెక్క

ఇంటికి మూడే పనులు ఇవ్వండి. ఎక్కువ ఇస్తే ఒక్కటీ చేయరు. మంచం అంచు మీంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, తోడు ఉండగా పదిహేను నిమిషాలు పెద్ద అడుగులతో నడక, దినపత్రికలో ఒక వార్త ఎదురింటికి వినపడేలా చదవడం.

నెలకోసారి, అదే మాత్ర టైములో, రెండు కొలతలు తీసుకోండి. ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది? కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు? ఆ కాగితం న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లమనండి. "బాగానే ఉందండీ" అనే మాటకంటే డాక్టరుకి అది ఎక్కువ పనికొస్తుంది.

హాజరు పుస్తకం వెనక పేజీలో ఇంకో వరస పెట్టుకోండి: ఎవరు రాలేదు, ఎందుకు. ఈ జబ్బుతో దిగులు కూడా వస్తుంది, అది బయటికి బద్ధకంలా కనిపిస్తుంది. వరసగా రెండు క్లాసులు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేయండి. మీరు చేయలేకపోతే రోజూ వాళ్ల పక్క కుర్చీలో కూర్చునేవాళ్లతో చేయించండి. మా దగ్గర ఆ పని రైల్వే ఆయన తీసుకున్నారు. ఫోన్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మాత్ర వేసుకున్నావా?"